ఉపసంహారము తెలియని అస్త్రము

(దోమకొండ కోటలోని మహాదేవాలయ సన్నిధిని కార్తికమాసమున చేసిన ఉపన్యాసము)



నేటి ఉదయము ఈ మహాదేవునకు రుద్రాభిషేకము జరిగినది. మీలో చాలమంది స్నానము చేసి, విభూతి ధరించి, ఈ మంటపమున కూర్చుండి నమకమును వింటిరి. వినుట పుణ్యము. విన్నదానిని ఒక్కమారు తలపోయుట అంతకంటె పుణ్యము. నమకము ఆరంభముననే దేనికి నమస్కరించుచున్నది? మొదట రుద్రుని కోపమునకు. పిదప ఆయన బాణమునకు, వింటికి, ఆ విల్లు పట్టిన బాహువులకు. ఆ తరువాత ఋషి వేడుకొనుచున్నాడు: స్వామీ, వింటి రెండు కొనలనుండి నారిని విప్పుము. బాణముల మొనలు మొద్దుచేసి, మాయెడల ప్రసన్నుడవు కమ్ము. మా పెద్దలను హింసింపకుము, మా పిల్లలను హింసింపకుము. గర్భమందున్న శిశువును కూడ హింసింపకుమని ఆ ప్రార్థనలో ఉన్నట్లు భాష్యకారులు చెప్పుచున్నారు.

రుద్రుని చేతిలో విల్లు లేదని వేదము చెప్పలేదు. విల్లు కలదు, బాణము కలదు, కోపమును కలదు. అయినను ఋషి భయపడి పారిపోలేదు. ప్రార్థించినాడు. ఏల? ఎక్కుపెట్టిన వింటిని దింపగల చేయి ఆ స్వామికి కలదు. మొరపెట్టుకొనిన వినగల చెవి కలదు. వినలేనిదానిని ప్రార్థింపలేము. దింపుట తెలియని చేతినుండి అభయమును కోరలేము. నేటి మా ఉపన్యాసమునకు ఇదియే బీజము.

ఇక ఈ విషయము మాకెట్లు తటస్థించినదో చెప్పెదము. గడచిన విజయదశమినాడు జమ్మిపూజ ముగించుకొని ఇంటికి వచ్చి కూర్చుంటిమి. మన ఆచారము మీరెఱుగుదురు. జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో నుంచి పాదములకు మ్రొక్కుదురు. మా శిష్యుని కుమారుడొకడు హైదరాబాదునుండి వచ్చి అట్లే బంగారము చేతిలో పెట్టి మ్రొక్కెను. ఇంజనీరింగు చదివిన పిల్లవాడు. ఏమి పని చేయుచున్నావు నాయనా అని అడిగితిమి.

“అయ్యగారూ, డ్రోనుకు కన్ను తయారుచేయుచున్నాము. క్రింద కనబడునది బండియా, మనుష్యుడా, అతని చేతిలోనిది కఱ్ఱయా, తుపాకియా అని కంప్యూటరే పోల్చుకొనునట్లు నేర్పుచున్నాము. ఇప్పటికి పోల్చి చూపుట వరకే దాని పని. మీట నొక్కువాడు మనుష్యుడే. రేపు ఆ మీటను కూడ దానికే అప్పగించినచో, చనిపోయినవాడు నిరపరాధి యైనచో, ఆ పాపమెవ్వరిది?” అని అడిగెను.

మేము తొందరపడితిమి. “యంత్రము జడము. నీవు జీతమునకు పనిచేయువాడవు. నీ స్వధర్మము నీవు చేయుము. పాపము నీకంటదు” అంటిమి. అతడు మాఱుమాట చెప్పక వెడలిపోయెను. అతని ముఖమున సమాధానపడిన చిహ్నము లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కొన్ని ఏండ్ల క్రిందట మావద్దకు వచ్చిన ఒక రైతు జ్ఞాపకమునకు వచ్చెను. మన ప్రాంతమువాడే. అడవిపందులు మక్కచేనును పాడుచేయుచున్నవని, రాత్రివేళ చేను చుట్టును తీగ కట్టి దానికి కరెంటు పెట్టినాడు. తెల్లవారుసరికి ఆ తీగమీద పంది లేదు. నీళ్ళు పారించుటకు పోయిన ప్రక్కచేనివారి పిల్లవాడున్నాడు. “నేను చంపలేదు అయ్యగారూ! నేను ఇంటిలో పండుకొనియుంటిని. తీగ చంపినది” అని ఆ రైతు మా వాకిటిలో కూలబడి ఏడ్చెను. మేము ఏమంటిమి? తీగ కట్టినవాడవు నీవు, కరెంటు పెట్టినవాడవు నీవు అంటిమి. మొదట ఆ పిల్లవాని తల్లిదండ్రుల ఇంటికి పొమ్మంటిమి. పిదప ప్రాయశ్చిత్తము చెప్పితిమి.

ఆ రైతునకు దోషమున్నదని చెప్పిన నోరే, ఈ ఇంజనీరునకు దోషము లేదని చెప్పినది! చదువురానివానికొక ధర్మము, చదువుకొన్నవానికొక ధర్మము కలదా? మా తొందరపాటును ఈ మహాదేవుని సన్నిధిని, ఆ పిల్లవాడు కూడ కూర్చున్న ఈ సభలోనే సరిదిద్దుకొనదలచి ఈ విషయమును ఎత్తుకొంటిమి.

మీమాంసాశాస్త్రమున ఒక పద్ధతి కలదు. మొదట విషయము చెప్పవలెను. పిదప సంశయము. ఆ పిదప పూర్వపక్షమును, అనగా ఎదుటివాని వాదమును, వాని నోటినుండి వచ్చినంత బలముగా చెప్పవలెను. అటుపైన సిద్ధాంతము. ఆ క్రమముననే పోవుదము.

విషయము. తానే వెదకి, తానే గుర్తించి, తానే ఎన్నుకొని, మనుష్యుని ఆజ్ఞకొఱకు ఆగక తానే కొట్టు ఆయుధము. దీనిని స్వయంచాలిత ఆయుధమందురు. ఇది ఎక్కడనో దూరదేశపు ముచ్చట యని తలంపకుడు. మనకు 110 కిలోమీటర్ల లోపుననున్న హైదరాబాదు భారతదేశపు క్షిపణులకు పుట్టినిల్లు. 1970లో భారత్ డైనమిక్స్ సంస్థ అచ్చటనే స్థాపింపబడెను. 1983లో అబ్దుల్ కలాముగారి నేతృత్వమున ఆరంభమైన క్షిపణి కార్యక్రమము అచ్చటి ప్రయోగశాలలనుండియే నడచెను. పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అను పేర్లు మీరు వినియేయున్నారు. 2022 జూలైలో మన రక్షణ మంత్రిత్వ శాఖ కృత్రిమ మేధతో పనిచేయు 75 ఉత్పత్తులను ఒక్కనాడే ఆవిష్కరించెను. కావున ఈ ప్రశ్న మన పిల్లల ఉద్యోగములలోనికి, మన ఇండ్లలోనికి వచ్చినది.

ఈ ఆయుధములలో తారతమ్యము తెలిసికొనవలెను. నాగ్ క్షిపణి శత్రువుల యుద్ధశకటముపై ప్రయోగింపబడునది. ఒకసారి విడిచిన పిదప గుఱిని తానే వెంబడించును. అయినను ఆ శకటమును చూచి, అదియే గుఱి యని నిర్ణయించినవాడు సైనికుడు. ఇక ఇజ్రాయిల్ దేశమువారు చేసిన హార్పీ అను ఆయుధము కలదు. అది 1990ల నాటికే వచ్చినది. ఆకాశమున తిరుగుచు, క్రింద ఎచ్చటనైన రాడార్ తరంగము వినబడెనా, దానిమీదికి తానే దూకి ప్రేలును. ఏ రాడార్ అని విడిచినవాడు చూపనక్కరలేదు. మొదటిదానిలో ఎన్నిక మనుష్యునిది. రెండవదానిలో ఎన్నిక కూడ యంత్రముదే.

ఈ జాతిలో అన్నిటికంటె పాతది మందుపాతర. ఆ మాట తెలియని తెలంగాణా పల్లె లేదు. త్రొక్కినవాడెవడో దానికి తెలియదు. త్రొక్కెను, ప్రేలెను. మన రైతు కట్టిన తీగయును అట్టిదే. నేటి ఆయుధమునకు తెలివి పెరిగినది, కన్ను వచ్చినది, రెక్కలు వచ్చినవి. కాని కొట్టునప్పుడు ప్రక్కన మనుష్యుడు లేకుండుట యను లక్షణము ఒక్కటియే.

సంశయము. ఇట్టి ఆయుధమును విడుచుట ధర్మమా, కాదా? విడువవచ్చునన్నచో ఏ కట్టుబాటుతో విడువవలెను?

పూర్వపక్షము. “యంత్రమునకు కోపము లేదు, భయము లేదు, పగ లేదు, అలసట లేదు. అశ్వత్థామ నిద్రించుచున్న ఉపపాండవులను చంపినది కోపముచేత గదా! ఆ రాత్రి అచ్చట నున్నవాడు మనుష్యుడే గదా!” అని కొందఱందురు. ఇది త్రోసిపుచ్చదగిన వాదము కాదు. 1988 జూలై 3వ తేదీన పర్షియన్ సింధుశాఖలో ఒక అమెరికా యుద్ధనౌక ఇరాను దేశపు ప్రయాణికుల విమానమును కూల్చెను. 290 మంది మరణించిరి. వారిలో 66 మంది పిల్లలు. ఆ విమానము పైకెగయుచున్నదని యంత్రము సరిగనే నమోదుచేసెను. భయముతో నున్న మనుష్యులు అది క్రిందికి దిగుచు తమమీదికే వచ్చుచున్నదని భ్రమించిరి. తప్పు మనుష్యునిది, యంత్రముది కాదు.

ఇంకొక వాదము. “శత్రువు వద్దనున్నప్పుడు మనము మానుకొనిన దేశరక్షణ యెట్లు? 2025 మే నెలలో పాకిస్తాను వందల డ్రోనులను ఒక్క రాత్రి మన సరిహద్దుమీదికి పంపలేదా? ఒక్కొక్కదానిని మనుష్యుడు చూచి ఆలోచించుటకు వ్యవధి యెక్కడిది?” ఇదియును సత్యమే. ఆనాడు ఆ డ్రోనులను మన వాయురక్షణ వ్యవస్థలు నిలువరించినవని, వానిలో హైదరాబాదున పుట్టిన ఆకాశ్ క్షిపణి యును కలదని ప్రభుత్వము ప్రకటించినది. దేశమును కాపాడిన ఆ సైనికులకును, ఆ శాస్త్రజ్ఞులకును మేము నమస్కరించుచున్నాము. క్షత్రియధర్మమును నిందించుట వైదికుల పని కాదు.

ఇక సిద్ధాంతము. మూడు మాటలుగా చెప్పెదము. గుర్తించుట, కర్తృత్వము, ఉపసంహారము.

మొదటిది గుర్తించుట. దశరథమహారాజు యువరాజుగా నున్న దినములలో శబ్దవేధి విద్య నేర్చినవాడు. చూడనక్కరలేదు, వినినచో చాలును, బాణము తప్పదు. వర్షాకాలమున ఒక రాత్రి సరయూతీరమున చీకటిలో పొంచియుండెను. నీటిలో బుడబుడమని శబ్దమయ్యెను. ఏనుగు తొండముతో నీరు త్రాగుచున్నదనుకొని బాణము విడిచెను. బాణము తప్పలేదు. విద్య విఫలము కాలేదు. కాని నీటిలో నున్నది ఏనుగు కాదు. గ్రుడ్డివారైన తల్లిదండ్రులకొఱకు కుండ ముంచుచున్న మునికుమారుడు.

గుఱి తప్పకుండుట వేఱు, గుఱి యెవరో తెలియుట వేఱు. శబ్దము ఏనుగు కాదు. శబ్దము ఒక గుర్తు మాత్రమే. నేటి యంత్రము చూచునదియు గుర్తునే. వేడియో, తరంగమో, ఆకారమో, నడకయో. వేలకొలది బొమ్మలు చూపి దానికి నేర్పుదురు. ఈ బొమ్మకు ఆ బొమ్మకు పోలిక ఇంత యని అది లెక్కవేయును. భుజముమీద నాగలి మోయుచున్న రైతు, పైనుండి చూచు కన్నునకు ఆయుధము మోయువానివలె తోచినచో ఏమగును? మనుస్మృతి ఏడవ అధ్యాయమున యుద్ధమున కొట్టగూడనివారి పట్టిక కలదు. చేతులు జోడించినవాడు, నీవాడనని పలికినవాడు, నిద్రించువాడు, ఆయుధము విరిగినవాడు, భయపడినవాడు, వెనుదిరిగినవాడు, పోరాడక చూచుచున్నవాడు. వీరిలో ఒక్కొక్కరిని గుర్తించుటకు కన్ను చాలదు. ఎదుటివాని మనస్సును తన మనస్సుతో తాకవలెను. జోడించిన చేతులను యంత్రము చూడగలదేమో. అందలి దైన్యమును చూడలేదు.

యంత్రమునకు కోపము లేదంటిరి. నిజమే. జాలియును లేదు. అంతకంటె ముఖ్యము, సందేహము లేదు. 1983 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి సోవియట్ దేశమున స్టానిస్లావ్ పెట్రోవ్ అను సైనికాధికారి కావలి ఉండెను. అమెరికా నుండి అణుక్షిపణి బయలుదేరినదని యంత్రము గంట మ్రోగించెను. ఒకటి కాదు, క్రమముగా ఐదు. పైవారికి ఆ సమాచారము నిజమని పంపుట ఆయన విధి. ఆయన సందేహించెను. యుద్ధము మొదలుపెట్టదలచినవాడు ఐదింటితో మొదలుపెట్టునా? భూమిమీది రాడార్లలో ఏమియు కనబడలేదేల? ఇది పొరపాటు అని నిశ్చయించి అట్లే తెలియజేసెను. తరువాత విచారింపగా, మేఘములమీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహము క్షిపణిగా భ్రమించినదని తేలెను. ఆ రాత్రి లోకమును కాపాడినది ఒక మనుష్యుని సందేహము. ఆ నిర్ణయమును కూడ యంత్రమునకే అప్పగించియున్నచో, అది తన లెక్కను తానే సందేహించి యుండెడిదా?

అట్లనుటచేత మనుష్యుడు ఎల్లప్పుడును సరిగా చూచునని కాదు. 1988 నాటి ఘోరము దానికి సాక్షి. మనుష్యుని భ్రమను యంత్రము సరిదిద్దవచ్చును. యంత్రపు భ్రమను మనుష్యుడు సరిదిద్దవచ్చును. ఇద్దఱును ఉండవలెననియే మా పక్షము. ఒకరిని తొలగించినచో సరిదిద్దువాడు లేకపోవును.

రెండవది కర్తృత్వము. దశరథుని కథలో మిగిలిన భాగము వినుడు. కుమారుని అరుపు విని ఆయన నదీతీరమునకు పరుగెత్తెను. తాను చేసినది కన్నులార చూచెను. బాణము లాగగా ఆ బాలుడు ప్రాణము విడిచెను. అప్పుడు ఆ కుండను నీటితో నింపుకొని, గ్రుడ్డి తల్లిదండ్రుల ఆశ్రమమునకు నడచిపోయెను. అడుగుల చప్పుడు విని కుమారుడే వచ్చెనని వారనుకొనిరి. “నేను దశరథుడను, మీ కుమారుడను కాను. ఈ పని నావలన జరిగినది” అని చెప్పుకొనెను. ఆ ముని ఏమనెను? తెలియక చేసితివి గనుకను, నీ అంతట నీవే వచ్చి చెప్పితివి గనుకను బ్రతికితివి. లేనిచో నీ తల వ్రయ్యలయ్యెడిది అనెను. శాపమును ఇచ్చెను. దశరథుడు ఆ శాపమును శిరసావహించి, వృద్ధాప్యమున పుత్రశోకముతో అనుభవించెను.

మహాశయులారా! యంత్రము తప్పుగా కొట్టిన దినమున ఆ నది ఒడ్డునకు పోవువాడెవ్వడు? ఆ కుండ నింపుకొని పోవువాడెవ్వడు? నేనని చెప్పువాడెవ్వడు? చేసినవాడు, నేను కన్ను మాత్రమే చేసితిననును. అమ్మినవాడు, నేను అమ్మితిననును. సేనాధిపతి, యంత్రమే ఎన్నుకొన్నదనును. యంత్రము మాటాడదు. తల్లిదండ్రులు మాత్రము అడుగుల చప్పుడు కొఱకు ఎదురుచూచుచునే ఉందురు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మకు ఐదు కారణములు చెప్పబడినవి. అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము. కర్త వేఱు, కరణము వేఱు అని భగవంతుడు స్పష్టముగా విడదీసినాడు. కత్తి ఎంత వాడియైనను కరణమే. యంత్రము ఎంత తెలివిగలదైనను కరణమే. దానికి ఉపవాసము లేదు, పశ్చాత్తాపము లేదు, ప్రాయశ్చిత్తము లేదు. శిక్షించిన నొప్పి లేదు. కావున పాపము దానికంటదు. అంతమాత్రమున పాపము గాలిలో కలిసిపోవునా? పోదు. వెనుకకు వచ్చి మనుష్యులమీదనే పడును.

ఎవరిమీద? దీనికి మనువు మాంసవిషయమున చెప్పిన న్యాయమొకటి కలదు. పశువును చంపినవాడొక్కడే ఘాతకుడు కాడు. అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, ఈ ఎనమండుగురును ఘాతకులే యనెను. ఈ న్యాయమును ఆయుధమునకు అన్వయించి చూడుడు. కన్ను చేసినవాడు, దానికి నేర్పినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు, అనుమతించినవాడు, విడిచినవాడు, అందఱకును పాలు కలదు. అయితే అందఱిలో నుండి ఒక్కడు ముందుకు వచ్చి, దీనికి నేను ఉత్తరవాదిని అని చెప్పవలసియున్నది. లేనిచో అందఱిది యన్నది ఎవ్వరిదియు కాకుండ పోవును.

ఈ దోమకొండ ప్రభువుల కామినేని వంశమువాడైన మల్లారెడ్డి కవి షట్చక్రవర్తి చరిత్రమును రచించెను. ఆ ఆఱుగురిలో కార్తవీర్యుడొకడు. ఆయనకు వేయి చేతులు. నేడు ఒక్క మాటకు వేయి డ్రోనులు లేచుటను విన్నప్పుడు మాకు ఆయనయే జ్ఞప్తికి వచ్చును. చేతులు వేయియైనను తల యొక్కటియే. జమదగ్ని హోమధేనువు విషయమున జరిగిన అపరాధమునకు పరశురాముడు ఏ చేయి చేసినదని విచారింపలేదు. ఆ చేతులు ఎవరివని చూచెను.

మూడవది ఉపసంహారము. ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. భారతమున సౌప్తికపర్వము చివర అశ్వత్థామ చిక్కుకొని, ఒక గడ్డిపోచ తీసికొని బ్రహ్మశిరోనామకాస్త్రమును అభిమంత్రించి విడిచెను. శ్రీకృష్ణుడు చెప్పగా అర్జునుడును అదే అస్త్రమును విడిచెను. కాని ఎట్లు విడిచెను? మొదట గురుపుత్రునకు క్షేమము కోరెను. పిదప తనకును సోదరులకును కోరెను. అస్త్రము అస్త్రముచేత శాంతించుగాక యని విడిచెను. రెండు అస్త్రముల మంటలో లోకములు తల్లడిల్లగా నారదుడును వ్యాసుడును నడుమకు వచ్చి నిలిచిరి. అర్జునుడు వెంటనే తన అస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామకు అది శక్యము కాలేదు. ప్రయోగమే గాని ఉపసంహారము అతనికి సాధ్యము కాలేదు. ఆ అస్త్రము ఎక్కడికి పోయినది? ఉత్తరాగర్భమున నున్న శిశువుమీదికి. ఉదయము నమకమున విన్న ప్రార్థన ఇప్పుడు గుర్తు తెచ్చుకొనుడు.

ఇంకొక రహస్యము కలదు. ద్రోణుడు ఆ అస్త్రమును కొడుకునకు ఇష్టముతో ఇవ్వలేదు. వాని చపలత్వమును ఎఱుగును. ఎంతటి ఆపద వచ్చినను దీనిని ప్రయోగింపకుము, ముఖ్యముగా మనుష్యులమీద ప్రయోగింపకుమని కట్టడి చేసి ఇచ్చెను. అస్త్రము ఇచ్చినవాడే నియమమును కూడ ఇచ్చుట మన సంప్రదాయము. నియమము లేని అస్త్రము లేదు.

ఇచ్చట పూర్వపక్షమునకు సమాధానము దొరకుచున్నది. శత్రువు విడిచిన అస్త్రమును అస్త్రముతో ఖండించుట అర్జునుని మార్గము. వచ్చిపడు క్షిపణిని, డ్రోనును ఆకాశముననే కూల్చుటకు యంత్రపు వేగము కావలెనన్నచో కావలసినదే. అది బాణముమీది బాణము. దానిని మనుష్యుడు కనిపెట్టి యుండవలెను, ఆపవలసినప్పుడు ఆపగలిగియుండవలెను. కాని మనుష్యునిమీదికి, ఎవరో తెలియని మనుష్యునిమీదికి, వెనుకకు పిలువరాని యంత్రమును విడుచుట అశ్వత్థామ మార్గము.

ఈ మాట మా పాఠశాల గోడలలోనే ఉన్నదనుకొనకుడు. లోకము కూడ ఈ త్రోవనే వెదకుచున్నది. 1980లో జెనీవాలో కొన్ని క్రూరాయుధములను గూర్చి అంతర్జాతీయ ఒడంబడిక కుదిరెను. దాని క్రిందనే 1995లో, కన్నులు పోగొట్టు లేజరు ఆయుధములు యుద్ధమున వాడుకలోనికి రాకమునుపే నిషేధింపబడెను. 2014 నుండి స్వయంచాలిత ఆయుధములమీద అచ్చట చర్చలు జరిగినవి. 2017, 2018 సంవత్సరములలో ఆ చర్చల బృందమునకు భారత రాయబారియే అధ్యక్షత వహించెను. 2019లో 11 మార్గదర్శక సూత్రములు అంగీకరింపబడినవి. వానిలో ఒకటి, ఉత్తరవాదిత్వమును యంత్రమునకు బదలాయింపరాదనునది. గీతలోని కర్త, కరణముల భేదమునే ఆ సభలోనివారు తమ భాషలో చెప్పిరి. 2021లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘమువారు, మనుష్యులను గుఱిగా చేసికొను స్వయంచాలిత ఆయుధములను, ఫలితమును ముందుగా తెలిసికొనరాని ఆయుధములను నిషేధింపవలెననిరి. మిగిలినవానికి కాలము, దేశము, గుఱి అను హద్దులు పెట్టి, మనుష్యుని పర్యవేక్షణలో ఉంచవలెననిరి. ద్రోణుని కట్టడికిని దీనికిని ఎంత సామ్యము! అయితే ఇవి సూత్రములు, సూచనలు మాత్రమే. కట్టుబడవలసిన ఒప్పందము కాదు. అట్టి ఒప్పందము 2026 లోపల కుదురవలెనని ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి గుటెర్రెస్ 2023లో కోరెను.

మన దేశము సంగతి దాచకుండ చెప్పెదము. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణసభలో ఈ ఆయుధములను గూర్చిన తీర్మానమునకు 152 దేశములు అనుకూలముగా, 4 దేశములు ప్రతికూలముగా ఓటు వేసినవి. ఆ నాలుగింటిలో భారతదేశమొకటి. 2024లో మఱల తీర్మానము రాగా 166 దేశములు అనుకూలమైనవి. భారతదేశము తటస్థముగా నుండెను. చర్చకు తగిన చోటు జెనీవా ఒడంబడికయే యనునది మన ప్రభుత్వపు వాదము. సరిహద్దు కాచువాని బాధ్యత గుడిలో కూర్చున్న మావంటివారికంటె పెద్దది. కావున మేము నిందింపము. ఒక్క విషయము మాత్రము విన్నవించుకొందుము. విషము పూసిన బాణమును మనువు నిషేధించినాడు. మన దేశము రసాయనాయుధముల నిషేధ ఒప్పందమున చేరి, తనవద్దనున్న ఆ నిలువలను ప్రకటించి, 2009 నాటికి పూర్తిగా నాశనము చేసెను. ఉపసంహారము తెలిసిన దేశము మనది. చర్చ ఏ చోట జరిగినను సరియే, ఆ చోట ఉపసంహారవిద్యను లోకమునకు చెప్పు అధికారము మనకు కలదు. చెప్పవలసిన భారమును కలదు.

“కురుక్షేత్రమున కూడ యుద్ధమునకు ముందు ఇరుపక్షములవారును నియమములు చేసికొనిరి గదా, పిదప అభిమన్యుని అందఱును చుట్టుముట్టి చంపలేదా?” అని మీరడుగవచ్చును. చంపిరి. కాని అది అధర్మమని నేటికిని మనకెట్లు తెలియుచున్నది? నియమముండుటచేతనే. నియమమే లేనిచో అది ఒక యుద్ధవార్త మాత్రమే అయ్యెడిది. ఉల్లంఘించువాడుండునని భయపడి నియమమును మానుట, దొంగలున్నారని తలుపు పెట్టకుండుట వంటిది.

ఇక నాయనా, ఆ వెనుక కూర్చున్నవాడా! నీ ప్రశ్నకు మా ఉత్తరమును మార్చుకొనుచున్నాము. నీ పనిలో నీకు పాలు కలదు. ఉద్యోగము మానుమని మేము చెప్పుటలేదు. దేశమునకు కన్నులు కావలెను. కాని నీవు చేయు కన్ను తనకు తెలియనిదానిని తెలియదని చెప్పునట్లు చేయుము. మీటకును గుఱికిని నడుమ మనుష్యునకు చోటుంచుము. ఆ మనుష్యుడు ఆలోచించునంత వ్యవధి యుంచుము. చోటుంచి వ్యవధి లేకుండ చేయుట చోటు లేకుండ చేయుటయే. వెనుకకు పిలుచు మార్గము తయారు కాకమునుపు ముందునకు పంపు మార్గము పూర్తియైనదని సంతకము పెట్టకుము. పెట్టుమని ఒత్తిడి వచ్చినప్పుడు నోరు తెఱచి కాదనుము. అది నీ స్వధర్మములోనిదే. ఆనాడు మేము స్వధర్మమను మాటను నీ నోరు మూయుటకు వాడితిమి. అది మా దోషము.

ఇక్కడి రైతుసోదరులకును ఒక మాట. ఈ రాత్రి మీ చేను చుట్టును కరెంటు తీగ యున్నచో, ఇంటికి పోవు త్రోవలోనే దానిని విప్పుడు. జెనీవాలో జరుగవలసినది జెనీవాలో జరుగును. మన చేతనున్న ఉపసంహారము అదియే.

పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుమీద దాచి, ఒక సంవత్సరము వానిని ముట్టక యుండిరి. అందుకే ఆ ఆకును బంగారమని పంచుకొనుచున్నాము. ఆయుధమును పట్టగలిగియు పక్కన పెట్టగలిగిన చేతికి ఆ బంగారము చెల్లును. మనము కూర్చున్న ఈ కోటయు ఒకనాడు యుద్ధముకొఱకు కట్టబడినదే. నేడు దాని బురుజులమీద కావలివారు లేరు. 2022లో దీని పునరుద్ధరణకు యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. యుద్ధము వెడలిపోయినది, మహాదేవుడు మిగిలినాడు, నమకము మిగిలినది.

వింటి నారిని విప్పగల ఆ స్వామి, విల్లు పట్టిన ప్రతి చేతికిని దానిని దింపు నేర్పును అనుగ్రహించుగాక! మన పెద్దలను, పిల్లలను, గర్భస్థ శిశువులను కాపాడుగాక!

స్వస్తి.